ఆ 1.3 గ్రాములు చెరిపేయకు

అమ్మలూ,

నీ రికార్డు బుక్కు ఫొటో చూశాను. చేతిరాత కుదురుగా ఉంది, సీసా బొమ్మ ఇంకా బాగుంది. పట్టికలో చివరి గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చూపు ఆగిపోయింది. అక్కడ ముందేదో అంకె రాసి, రబ్బరుతో రుద్దేసి, దాని మీద "తేడా: 0" అని వేశావు. ఫోన్లో గుచ్చి అడిగితే కానీ అసలు సంగతి బయటికి రాలేదు. వంటసోడా, వెనిగర్ కలిశాక సీసానీ బెలూన్‌నీ కలిపి తూచితే మొదటి తూకం కంటే 1.3 గ్రాములు తగ్గిందన్నావు. రసాయన మార్పులో మొత్తం ద్రవ్యరాశి మారదనే ద్రవ్యనిత్యత్వ నియమం ప్రకారం తగ్గకూడదు కదా, అందుకే సున్నా వేశానన్నావు.

ఆ అంకెను మళ్ళీ రాయి. నీ చేయి తప్పలేదు, నియమమూ తప్పలేదు. బెలూన్ మూతి సరిగ్గా బిగించలేదేమో అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. ఆ 1.3 గ్రాములు ఎటు పోయాయో లెక్క కట్టి చూపించవచ్చు. ఫోన్లో గబగబా చెప్పేసేవాణ్ణే, కానీ లెక్కలు కాగితం మీద ఉంటే నిదానంగా చూసుకుంటావని రాస్తున్నాను.

దానికంటే ముందు నీ పట్టికలో పై వరుస. "బుడగలు వచ్చాయి కాబట్టి రసాయన మార్పు" అన్నావు. అది రసాయన మార్పే, కానీ నువ్వు చూపిన కారణం నిలబడదు. నీళ్ళు మరిగినా బుడగలొస్తాయి. అక్కడ నీరు ఆవిరి అయిందంతే, చల్లారితే మళ్ళీ నీరే. రంగు మారడం, వేడి పుట్టడం, వాసన రావడం, అడుగున అవక్షేపం (కరగని మడ్డి) దిగడం, వాయువు వెలువడడం అని పుస్తకంలో వరుసగా ఇస్తారు. ఇవన్నీ అనుమానించడానికి పనికొచ్చేవే కానీ రుజువులు కావు. జింక్ ఆక్సైడ్ తెల్లటి పొడి. వేడి చేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది, చల్లారితే మళ్ళీ తెల్లబడుతుంది. రంగు మారినా అక్కడ కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తే దీనికి సరిగ్గా తలకిందులు. రెండూ రంగులేనివే, కలిపాక కూడా రంగులేదు, బుడగ లేదు, మడ్డి లేదు. గాజు పాత్రను ముట్టుకుంటే కాస్త వెచ్చగా తగులుతుంది, అంతే. కానీ లోపల ఆమ్లం, క్షారం రెండూ పోయి ఉప్పు, నీరు తయారయ్యాయి.

"వెనక్కి రాకపోతే రసాయన మార్పు, వస్తే భౌతిక మార్పు" అనే సూత్రాన్ని కూడా గుడ్డిగా నమ్మకు. పగిలిన గాజు వెనక్కి రాదు, అయినా అది గాజే. నీలం రంగు కాపర్ సల్ఫేట్ స్ఫటికాల్ని వేడి చేస్తే వాటిలో బంధమై ఉన్న నీరు వెళ్ళిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. ఇంత సులువుగా వెనక్కి వచ్చినా అది రసాయన మార్పే. దీన్ని తూచి చూస్తే ఇంకా బాగుంటుంది. 2.5 గ్రాముల నీలం స్ఫటికాలు పూర్తిగా తెల్లబడ్డాక దాదాపు 1.6 గ్రాములే మిగులుతాయి. తగ్గిన 0.9 గ్రాములు నీటివి.

మరి అసలు ప్రశ్న ఏమిటంటే, ముందు లేని పదార్థం కొత్తగా వచ్చిందా అన్నది. ఇనుప రజను, గంధకం పొడి ఉత్తినే కలిపితే అయస్కాంతంతో ఇనుమును లాగేయవచ్చు. బాగా వేడి చేస్తే రెండూ కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతాయి. ఇక అయస్కాంతం పెట్టినా ఇనుము విడిగా రాదు. 56 గ్రాముల ఇనుముకు 32 గ్రాముల గంధకం కలిస్తే 88 గ్రాముల ఐరన్ సల్ఫైడ్. గుణాలన్నీ మారాయి, తూకం మాత్రం మారలేదు. నీ ప్రయోగంలో కూడా బుడగలు వచ్చాయని ఆగిపోకుండా, ఆ వాయువును సున్నపు తేటలోకి పంపి ఉంటే తేట పాలలా తెల్లబడేది. అప్పుడది కార్బన్ డయాక్సైడ్ అని ధైర్యంగా రాయవచ్చు.

ఇక తూకం సంగతి. ఈ నియమాన్ని మనుషులు ఇంత ఆలస్యంగా ఎందుకు పట్టుకున్నారో తెలుసా? కళ్ళకు కనిపించేది దీనికి అడ్డంగా ఉంటుంది. కొవ్వొత్తి వెలిగిస్తే కాసేపటికి మాయమైపోతుంది. మెగ్నీషియం తీగ కాలిస్తే బూడిద తీగ కంటే బరువుగా ఉంటుంది. ఒకచోట తగ్గుతోంది, ఇంకోచోట పెరుగుతోంది, ఏ ముఖం పెట్టుకుని "మారదు" అంటాం? రెండు చోట్లా మనం లెక్కలోంచి వదిలేస్తున్నది గాలినే. 2.4 గ్రాముల మెగ్నీషియం గాలిలోని 1.6 గ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుని 4 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్ అవుతుంది. (ల్యాబ్‌లో చేస్తే ఇంత కచ్చితంగా రాదు. తెల్లటి పొగ రూపంలో కొంత ఎగిరిపోతుంది, కొంత మెగ్నీషియం నైట్రోజన్‌తో కూడా కలుస్తుంది. ఆ వెలుగును నేరుగా చూడొద్దు, కళ్ళకు ప్రమాదం.) కొవ్వొత్తి ఇంకా విచిత్రం. 14 గ్రాముల మైనం పూర్తిగా కాలడానికి దాదాపు 48 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వచ్చేది 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 18 గ్రాముల నీటి ఆవిరి. అటు 62, ఇటు 62. మాయమైంది అనుకున్న మైనం కంటే నాలుగు రెట్లకు పైగా బరువు గాలిలోకి వెళ్ళింది, మనకే కనిపించలేదు.

ఇక్కడ పెద్దపెద్దవాళ్ళే బోల్తా పడ్డారు. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌన్లు తూగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. కాబట్టి చెట్టంతా నీటి నుంచే వచ్చిందని తేల్చాడు. అతను పోయాక 1648లో ఆ సంగతి అచ్చయింది. బొగ్గు కాలితే గాలిలాంటి పదార్థం వెలువడుతుందని గుర్తించినవాడే, చెట్టు లెక్కలో గాలిని వదిలేశాడు. తూకాల మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి కాబట్టే నాకు జాలేస్తుంది.

రాబర్ట్ బాయిల్ కథ నీకు మరీ దగ్గరిది. మూసిన గాజు పాత్రలో తగరాన్ని వేడి చేశాడు, లోహం మీద బూడిదలాంటి పొర ఏర్పడింది. పాత్ర మూతి తెరిచాడు, బుస్సుమని గాలి లోపలికి పోయింది. అప్పుడు తూచాడు. బరువు పెరిగింది! నిప్పులోని కణాలే గాజును దూరి లోహంలోకి వెళ్ళాయని 1673లో ప్రకటించాడు. తెరిచే ముందు తూచి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. 1756లో రష్యాలో లొమొనోసోవ్, 1774లో ఫ్రాన్స్‌లో లవోయిజే మూత తెరవకుండా తూచారు. బరువు మారలేదు. లవోయిజే ఆ తర్వాత తెరిచి మళ్ళీ తూచాడు. లోపలికి దూరిన గాలి బరువు, లోహానికి పెరిగిన బరువు సమానంగా వచ్చాయి. అంటే లోహం పాత్రలోని గాలిలో ఒక భాగాన్ని పట్టుకుంది, ఖాళీ అయిన చోటికి బయటి గాలి వచ్చి చేరింది.

లవోయిజే పొట్ట కూటికి చేసింది పన్నుల వసూలు కంపెనీలో భాగస్వామ్యం. ఫ్రెంచి విప్లవ కాలంలో 1794లో ఆ కారణంగానే అతని తల తీశారు. జమాఖర్చులు చూసే బుర్ర కాబట్టే రసాయన శాస్త్రాన్ని కూడా చిట్టా పుస్తకంలా చూశాడనిపిస్తుంది నాకు. జమ, ఖర్చు కలవకపోతే డబ్బు ఆవిరైపోయిందని ఏ గుమాస్తా అనడు, రాయకుండా వదిలేసిన పద్దు కోసం వెతుకుతాడు. నువ్వు చేసింది మాత్రం పద్దు వెతక్కుండా చిట్టా దిద్దేయడం.

సరే, ఆ పద్దు వెతుకుదాం. నువ్వు వాడింది 4.2 గ్రాముల వంటసోడా. వెనిగర్ సరిపడా కంటే ఎక్కువే పోశావు కాబట్టి సోడా అంతా ఖర్చయింది. దానితో కలిసే ఎసిటిక్ ఆమ్లం 3 గ్రాములు. వచ్చేవి 4.1 గ్రాముల సోడియం ఎసిటేట్, 0.9 గ్రాముల నీరు, 2.2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. కూడి చూసుకో, అటూ ఇటూ 7.2. ఆ 2.2 గ్రాముల వాయువు గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.2 లీటర్ల చోటు తీసుకుంటుంది. బెలూన్ ఉబ్బింది అందుకే.

ఉబ్బిన బెలూన్ అంతవరకూ అక్కడున్న గాలిని పక్కకు నెట్టింది. నీళ్ళలో ముంచిన వస్తువును నీరు పైకి నెట్టినట్టే, గాలి కూడా తనలో ఉన్న వస్తువును పైకి నెడుతుంది. ఎంత గాలిని పక్కకు నెడితే అంత బరువు మేరకు. లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది. 1.2 లీటర్లకు 1.4 గ్రాములకు కాస్త పైన. వాయువులో కొంత నీళ్ళలోనే కరిగి ఉండిపోతుంది కాబట్టి బెలూన్ కొద్దిగా చిన్నదవుతుంది. నీ 1.3 అక్కడికే వచ్చింది! సీసాలోంచి ఒక్క గ్రాము కూడా బయటికి పోలేదు. కాటా మీద పడే ఒత్తిడి తగ్గింది, ద్రవ్యరాశి తగ్గలేదు.

నా మాట నమ్మనక్కర్లేదు. ఈసారి బెలూన్ బాగా ఉబ్బినచోట చుట్టూ దారం చుట్టి కొలువు. అది గుండ్రంగా ఉంటే చుట్టుకొలత 40 సెంటీమీటర్ల దగ్గర రావాలి. అందులోంచి ఘనపరిమాణం కట్టి, 1.2తో గుణించు. 30 సెంటీమీటర్లే వస్తే నేను చెప్పింది సరిపోదు, అప్పుడు లీకు వెతకాల్సిందే. బెలూన్ గోల లేకుండా సీసాకు గట్టి మూత బిగిద్దాం అనుకుంటావేమో, వద్దు. వాయువు పుట్టే చర్యను బిగించి పెడితే గాజు పేలుతుంది.

సమీకరణాల తూకం గురించి అడిగావు కదా, అది కూడా ఈ చిట్టాయే. పరమాణువులు పుట్టవు, పోవు, జట్టు మారుతాయంతే. అందుకే ప్రతి మూలకం అటెన్ని ఉంటే ఇటన్ని ఉండాలి. అణువుల సంఖ్య మారవచ్చు: రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండే నీటి అణువులు. లెక్క కుదరడం లేదని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 తగిలించావు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! ముందుండే గుణకాల్ని మార్చు, ఫార్ములా లోపలి అంకెల జోలికి వెళ్ళకు.

శక్తి బయటికి పోతే దాంతో పాటు ద్రవ్యరాశి కూడా పోదా అని మీ క్లాసులో ఎవరో అడిగారన్నావు. మంచి ప్రశ్న. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం పోతుంది. ఇందాకటి 14 గ్రాముల మైనం కాలితే పోయేది ఒక గ్రాములో పది కోట్లవ వంతు కూడా ఉండదు. నీ కాటాకు అది కనిపించదు కాబట్టి దీన్ని 1.3 గ్రాముల మీద సాకుగా వాడుకోలేవు.

వాయువు జోక్యం లేకుండా నియమాన్ని చూడాలంటే కాల్షియం క్లోరైడ్ ద్రావణం, బట్టల సోడా ద్రావణం తీసుకో. ఒకదాన్ని సీసాలో పోసి, రెండోదాన్ని చిన్న గొట్టంలో పోసి లోపల నిలబెట్టి, మూత పెట్టి తూచు. వంచి కలుపు. వెంటనే తెల్లటి కాల్షియం కార్బొనేట్ అవక్షేపం వస్తుంది. మళ్ళీ తూచు. వాయువు పుట్టదు, సీసా ఉబ్బదు, కాబట్టి ఇక్కడ నాకు కూడా సున్నాయే కనిపించాలి. కాటా చివరి అంకె ఒకటి అటూ ఇటూ ఊగితే ఊగినట్టే రాయి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపు, పాతదానిలో 1.3 ఉండాలి.

నాన్న