జేసీబీ వచ్చేలోపు

ఒరేయ్ ఓబులేశూ,

బాగున్నావా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? మొన్న ఫోన్ చేసినప్పుడు నువ్వు డ్యూటీ హడావిడిలో ఉన్నావు, నేనేమో బద్వేలు బస్సులో నిలబడి ఉన్నాను. ఒక్క ముక్కా సరిగ్గా మాట్లాడుకోలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగవుతుంది, తీరిక చేసుకుని చదువు.

కొండ కింద మీ నాలుగెకరాల బీడు చదును చేయించి నిమ్మ పెట్టాలనుకుంటున్నామని మీ అన్న చెప్పాడు. నువ్వు డబ్బు పంపుతానన్నావట. వచ్చే నెల మొదటి వారంలో జేసీబీ వస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదురా.

ఆ చేను గుర్తుందా? ఎండాకాలం సెలవుల్లో మనం కలివి పండ్లకు పోయేవాళ్లం. పండు తుంచితే తొడిమ దగ్గర తెల్లగా పాలు కారేవి, పెదాలకు అంటుకుని సాయంత్రం దాకా వదిలేవి కావు. ముళ్లకు నీ చొక్కా చినిగి మీ అమ్మ చేత దెబ్బలు తిన్నావు. ఆ కలివి పొదల్లోనే ఒక పిట్ట ఉంటుంది. కలివికోడి. పేరు నువ్వూ వినే ఉంటావు. కానీ దాని కథ మొత్తం మనకెవరూ చెప్పలేదు. నాకే ఈ రెండు మూడేళ్లలో తెలిసింది.

1848లో జెర్డాన్ అనే డాక్టరు మన వైపు ఈ పిట్టను చూసి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత గోదావరి వైపు కొన్నిచోట్ల కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించడమే ఆఖరు, ఇక లేదు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు వెతికించినా దొరకలేదు. పోయిన జాతుల లెక్కలో వేసేశారు. ఎనభై ఆరేళ్లు గడిచాక, 1986 జనవరిలో, మన కడప జిల్లా సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఐతన్న అనే ఆయన రాత్రిపూట టార్చి లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అప్పటికే పల్లెపల్లెకూ తిరిగి ఈ పిట్ట గురించి అడిగి ఉన్నాడు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్నది మన పిట్టలు పట్టేవాడి కంటికి తెలుసు! నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది అదే. పాపం ఆ పిట్ట మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. 1988లో దాని బొమ్మతో పోస్టల్ స్టాంపు వేశారు. అదే ఏడు లంకమల అభయారణ్యం కూడా ప్రకటించారు.

చూడ్డానికి ఎలా ఉంటుందంటావా? సుమారు పావురమంత. పొడుగు కాళ్లు, పెద్ద పెద్ద కళ్లు, కంటి పైన తెల్లటి కనుబొమలాంటి గీత, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా పొద కింద కదలకుండా కూర్చుంటుంది, చీకటి పడ్డాక పొదల మధ్య ఖాళీ నేల మీద పరిగెడుతూ చెదపురుగుల్ని ఏరుకుని తింటుంది. అలికిడైతే ఎగరడం తక్కువ, పరుగే. పొద్దు గూకిన కాసేపటికి కొన్ని నిమిషాలు మాత్రం కూస్తుంది. అది ఎలా గూడు కడుతుందో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదంటే నమ్ముతావా? లోకం మొత్తం మీద దానిదని గుర్తించిన గుడ్డు ఒక్కటే, అదీ స్కాట్లాండులో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర ఏరిన గుడ్డట. అది కలివికోడిదేనని 2013లో డీఎన్‌ఏ పరీక్ష చేసి తేల్చారు.

కనపడని పిట్టను ఎలా లెక్కపెట్టారో చెప్తా విను. పొదల మధ్య కొంత నేల ఊడ్చి, మెత్తటి మట్టి పరిచి, చదును చేసి ఇంటికి పోతారు. తెల్లారి వచ్చి చూస్తే రాత్రి నడిచిన ప్రాణి కాలి గుర్తులు ఆ మట్టి మీద పడి ఉంటాయి. కలివికోడికి ముందువైపు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. ఆ మూడు గీతల కోసం మనుషులు ఏళ్ల తరబడి పొద్దున్నే వంగి మట్టి చూశారు.

వాళ్లు కనిపెట్టిన సంగతి నీకు ముఖ్యంగా చెప్పాలి. పొదలు మరీ దట్టంగా ఉన్నా ఆ పిట్ట ఉండదు, మరీ పలచబడినా ఉండదు. మన గొర్రెలు మేసి, మన అమ్మలు పొయ్యికి నాలుగు కట్టెలు తెచ్చుకుంటే పొద ఉంటుంది, పక్కన నేలా ఉంటుంది. దాన్ని తట్టుకుని అది బతికింది. జేసీబీని మాత్రం తట్టుకోలేదు. వేర్లతో లేచిపోయిన పొద మళ్లీ రాదు కదరా.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం సరిగ్గా దాని పొదల్లోకి వచ్చేసింది. అక్కడ పని చేస్తున్న పరిశోధకులు చూసి చెప్పారు, అటవీ శాఖ పని ఆపించింది, చివరికి కాలువ దారే మార్చారు. మన సీమకు నీళ్లు ఎంత అవసరమో నాకు వేరే చెప్పక్కర్లేదు, బిందెలు మోసి పెరిగినవాళ్లం. కాలువా వచ్చింది, పొదలూ మిగిలాయి. అంటే దారి ఉంటుంది, వెతకాలి. కానీ ఆ తర్వాత కొన్నేళ్లకు పిట్ట జాడ మళ్లీ లేకుండా పోయింది. పదేళ్లు దాటినా ఎవరికీ కనపడలేదు, వినపడలేదు. నేనూ ఆశ వదిలేసుకున్నా. 2025 ఆగస్టులో మన రాష్ట్రంలోనే కొందరు పక్షి ప్రేమికులు దాని కూత రికార్డు చేశారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బతికే ఉంది!

పోయిన శనివారం మీ చేనికి పోయొచ్చా. తోడుగా ఒక గొర్రెల తాత వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు చూశానన్నాడు, లైటు పడితే కళ్లు మెరిసి ఉన్నచోటనే నిలబడిపోయిందట. ఇద్దరం గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా చెవులు రిక్కించి విన్నాం. తీతువులు అరిచాయి, దూరంగా ఎవరిదో మోటారు మోగింది. కలివికోడి కూయలేదు. మీ చేనులో అది ఉందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ దానికి కావాల్సిన పొదలు, నేల, చెదలు అన్నీ ఉన్నాయి. అలాంటి చోటు ఇప్పుడు చుట్టుపక్కల ఎంత మిగిలిందో తెలుసా? మన చిన్నప్పుడు తిరిగిన పొదల్లో సగానికి పైగా తోటలయ్యాయి, ప్లాట్లయ్యాయి. అడవి అంటే పెద్ద చెట్లే అనుకుంటాం. అందుకే ముళ్లపొదలకు బీడు అని పేరు పెట్టాం, బీడు అన్నాక దున్నేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

మీ అన్న కష్టం నాకు తెలియంది కాదు. పిల్ల చదువు, అప్పు, అన్నీ ఉన్నాయి. అందుకే వట్టి చేతులతో అడగడం లేదు. కొండవైపు రెండెకరాలు రాళ్లే, అక్కడ వేసిన బోరు ఎండిపోయింది కూడా. మండు వేసవిలో నిమ్మకు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తాడు? రోడ్డువైపు రెండెకరాల్లో చెట్లు పెట్టుకుంటే ఉన్న నీళ్లు సరిపోతాయి. పైన రెండు అలాగే వదిలేయమను. గొర్రెలు మేసుకోనీ, ఫరవాలేదు. చదునుకయ్యే డబ్బు సగం మిగులుతుంది, దాంతో డ్రిప్పు వేసుకోవచ్చు. ఇదంతా నేను చెప్తే "నీకేం పోయింది" అంటాడు. తమ్ముడివి నువ్వు చెప్తే వింటాడు.

ఉత్తరం అందగానే అన్నకు ఫోన్ చెయ్యి. ఆలస్యం చేయొద్దు, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదట. మే నెలలో పిల్లల్ని తీసుకుని రా, కలివి పండ్లు అప్పటికి నల్లబడతాయి.

నీ
సుబ్బరాయుడు