ముందు చిన్న యంత్రాలు ఇవ్వండి: కేంద్ర శాస్త్ర సాంకేతిక, అణుశక్తి శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడానికి (దాన్నే ఫ్యూజన్ అంటారు) చాలా దేశాలు కలిసి చేపట్టిన ఐటర్ ప్రాజెక్టు కొత్త షెడ్యూలు మీ టేబుల్ మీదికి వచ్చే ఉంటుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఆ మహాయంత్రంలో పరిశోధనలు 2034లో మొదలవుతాయనీ, హైడ్రోజన్‌లో బరువైన రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిపి అసలైన ఫ్యూజన్ ప్రయోగాలు చేసేది 2039లోననీ 2024లో ప్రకటించారు. మనం అందులో 2005 డిసెంబర్‌లో చేరాం. మరుసటి ఏడాది నవంబర్‌లో పారిస్‌లో సంతకాలయ్యాయి. నిర్మాణ ఖర్చులో సుమారు తొమ్మిది శాతం మన వాటా. అందులోనూ ఎక్కువ భాగం సామాను రూపంలోనే ఇస్తున్నాం. యంత్రాన్నంతా తన కడుపులో పెట్టుకునే 3,850 టన్నుల స్టీలు పాత్ర, క్రయోస్టాట్, మన గుజరాత్‌లోని హజీరాలోనే తయారై ముక్కలు ముక్కలుగా ఓడెక్కి వెళ్లింది. బదులుగా అక్కడ పుట్టే పరిజ్ఞానమంతా మనకూ దక్కుతుంది, వాటా ఎంతన్న లెక్క లేకుండా. బేరం మంచిదే.

మరి ఆ పరిజ్ఞానాన్ని అందుకునేది ఎవరు? సంతకాలయిన రోజున ముప్ఫై అయిదేళ్లున్న శాస్త్రవేత్తకు 2039లో అరవై ఎనిమిది వస్తాయి. పెన్షన్ తీసుకుంటూ మనవలతో ఉంటారు. ఆ రోజు కంట్రోల్ రూమ్‌లో మన తరఫున కూర్చోవాల్సిన మనిషి ఇప్పుడు ఎక్కడో ఎమ్మెస్సీ చదువుతోంది. బహుశా మా కాలేజీలోనే. అలాంటి పిల్లలు తరచుగా నన్నడుగుతుంటారు: "మేడమ్, ప్లాస్మాలో పీహెచ్‌డీ చేస్తే తర్వాత ఏంటి?" నేను ఉత్తరాంధ్రలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నా పీహెచ్‌డీ ప్రయోగాత్మక ప్లాస్మా ఫిజిక్స్‌లోనే. (ప్లాస్మా అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి కరెంటు పారే వాయువు. ఫ్యూజన్ చేసేది అందులోనే.) అయినా ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

ఈ చదువు ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. బడ్జెట్ కాగితాల్లో అది కనిపించదు. ప్లాస్మా పుట్టాలంటే ముందు ఒక స్టీలు గది లోపల గాలి తీసెయ్యాలి. తీసెయ్యడమంటే మామూలుగా కాదు, బయటి పీడనంలో వంద కోట్ల వంతుకు దించాలి. రోటరీ పంపు వేస్తారు, దాని మీద టర్బో పంపు. గేజ్ దిగుతూ దిగుతూ ఒక చోట ఆగిపోతుంది. అంటే ఎక్కడో లీకు ఉంది. గది భాగాల్ని కలిపి బిగించే జాయింట్లు, ఫ్లాంజ్‌లు, పదులకొద్దీ ఉంటాయి. హీలియం లీక్ డిటెక్టర్ ఉన్న ల్యాబ్ అయితే ఒక్కో జాయింటు దగ్గరా సన్నగా హీలియం వదులుతూ చూస్తారు. లేని ల్యాబ్‌లో అసిటోన్‌లో ముంచిన దూదితో ఒక్కో జాయింటూ తుడుస్తూ, గేజ్ ఉలిక్కిపడుతుందేమో అని చూస్తూ కూర్చుంటారు. చివరికి దొరికేది జాయింటును మూసే రబ్బరు వలయం, ఓ-రింగ్, మీద పడిన ఒక తల వెంట్రుక! విప్పి, తుడిచి, బిగించి మళ్లీ మొదటి నుంచి పంపింగ్.

ఇదంతా అయ్యాక ఆర్గాన్ వదిలి వోల్టేజ్ ఇస్తే లోపల ఊదా రంగు వెలుగు వస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ డేటా ఇంకా రాలేదు. లాంగ్‌మ్యూర్ ప్రోబ్ చేసుకోవాలి. సన్నని టంగ్‌స్టన్ తీగను సిరామిక్ గొట్టంలోకి దూర్చి, కొస నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రం బయటికి వదలాలి. దాని మీద వోల్టేజ్ మారుస్తూ పోతే వచ్చే కరెంటును బట్టి ఎలక్ట్రాన్ల సాంద్రత, ఉష్ణోగ్రత తెలుస్తాయి. ఇది ఏ షాపులోనూ దొరకదు, ఎవరి ప్లాస్మాకు తగ్గట్టు వాళ్లే చేసుకోవాలి. తీగ ఎంత బిగువుగా ఉండాలో, సిరామిక్ ఎక్కడ పగులుతుందో పుస్తకంలో రాయరు. సీనియర్ పక్కన నిలబడి చూపించాలి.

సిద్ధాంతం మీద పనిచేసే మిత్రులకు మంచి కంప్యూటరూ మంచి బుర్రా ఉంటే రెండో ఏడాదికే పేపరు వస్తుంది. (వాళ్ల మీద నాకు కోపం లేదు, కొంచెం అసూయ ఉంది.) ప్రయోగం చేసేవాళ్లకు అయిదేళ్ల ఫెలోషిప్‌లో మూడేళ్లు యంత్రానికే పోతాయి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. పెంచినందుకు సంతోషం. కానీ నేను చదివిన రోజుల్లో ఆ డబ్బు నెలల తరబడి ఆగి ఒక్కసారిగా వచ్చేది. ఇప్పటి పిల్లలూ అదే చెప్తున్నారు. ఆ మధ్యలో పంపు బేరింగ్ పోయిందంటే ఇంక టెన్షనే. కొటేషన్లు, కమిటీ, ఫైలు, మళ్లీ కొటేషన్లు. ఆ సెమిస్టర్ అంతా యంత్రం మీద కవరు కప్పే ఉంటుంది, ఫెలోషిప్ గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అలాంటప్పుడు మన ముందుతరం వాళ్లు ఎలా చేశారు? చాలామంది ఆదిత్య నుంచి కథ మొదలుపెడతారు. నా దృష్టిలో అది సగంలో మొదలుపెట్టడం. ప్లాస్మాను అయస్కాంత బలంతో గారె ఆకారపు గదిలో పట్టి ఉంచే యంత్రం టోకమాక్. భారతదేశపు తొలి స్వదేశీ టోకమాక్ ఆదిత్యలో 1989లో ప్లాస్మా వచ్చింది నిజమే. దానికి పదిహేనేళ్ల ముందే అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లేబరేటరీలో పి. ఐ. జాన్, వై. సి. సక్సేనా లాంటివాళ్లు చిన్న గదిలో చిన్న యంత్రాలతో కుస్తీ పట్టారు. దక్షిణ భారతం మీదుగా ఆకాశంలో ప్రవహించే విద్యుత్ ధార ఒకటుంది, ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్. తుంబాను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నదే అయస్కాంత భూమధ్యరేఖ అక్కడుందని. ఆ ధారలో పుట్టే అలజడుల్ని వీళ్లు ల్యాబ్‌లో ప్లాస్మాతో తిరిగి సృష్టించి 1975లో ఫలితాలు ప్రచురించారు. సిద్ధాంతవేత్త ప్రెధిమాన్ కృషన్ కావ్ నాయకత్వంలో 1982లో ప్లాస్మా ఫిజిక్స్ ప్రోగ్రామ్ మొదలై, 1986లో అదే గాంధీనగర్ దగ్గర భట్ గ్రామంలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రిసెర్చ్ అయ్యేసరికి, లీకు వెతకడం, ప్రోబ్ కట్టడం, కాయిల్ చుట్టడం తెలిసిన మనుషులు తయారుగా ఉన్నారు. టోకమాక్ వచ్చింది ఆ చేతుల నుంచే.

జాన్ గారి ఉద్యోగ జీవితం ఇంకో సంగతి చూపిస్తుంది. ఆయన ఆ విద్యను ఫ్యూజన్ దగ్గరే ఆపలేదు. పరిశ్రమలకు పనికొచ్చే ప్లాస్మా పద్ధతుల కేంద్రాన్ని నిలబెట్టడంలో ముందున్నారు. 2010లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఏం చేశారంటే, హిమాచల్‌లో అంగోరా కుందేలు ఉన్ని మరీ జారుడుగా ఉండి వడకడానికి లొంగేది కాదు. దాన్ని కాసేపు ప్లాస్మాలో పెడితే పోగు పైపొర కాస్త గరుకై, వడికితే నిలుస్తుంది. ఆసుపత్రి చెత్తను ప్లాస్మా వేడితో విడగొట్టే యంత్రం చేశారు. గేర్లు, డైలు అరగకుండా ప్లాస్మాతో వాటి పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరిచే ప్లాస్మా నైట్రైడింగ్ చేశారు. టోకమాక్ కట్టిన చేతులకు కుందేలు ఉన్నితో ఏం పని అని అప్పట్లో ఎవరైనా నవ్వారో లేదో నాకు తెలియదు. ఫ్యూజన్ పేరు చెప్పుకుని దేశానికి వెంటనే దక్కిన లాభం మాత్రం అదే.

ఇవాళ ఆ అవసరం ఇంకా పెరిగింది. ఇస్రో 2025 మార్చిలో ఉపగ్రహాలను నెట్టే 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టర్‌ను వెయ్యి గంటలు నడిపి పరీక్షించింది. గుజరాత్‌లోని ధోలేరాలో చిప్ ఫ్యాక్టరీ కడుతున్నారు. చిప్‌ల తయారీలో సిలికాన్‌ను చెక్కే పని ప్లాస్మాదే. ఆ గదుల్లోనూ కావలసింది వ్యాక్యూమ్ తెలిసినవాళ్లు, ప్రోబ్ రీడింగ్ చూసి లోపల ఏం జరుగుతోందో పట్టుకోగలిగినవాళ్లు. ఇలాంటి పిల్లల్ని మనం ఎక్కడ తయారు చేస్తున్నాం? గాంధీనగర్‌లో, ముంబైలో, ఇంకా నాలుగైదు చోట్ల. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ప్లాస్మా అంటే నాలుగో సెమిస్టర్ ఎలక్టివ్, సుద్దముక్కా బోర్డూ.

పెద్ద యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ల బాధ వేరు. ఎస్‌ఎస్‌టీ-1 సంగతే తీసుకోండి. బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలతో మనవాళ్లు కట్టిన టోకమాక్. 1990ల మధ్యలో తలపెట్టారు. బిగించాక లోపాలు బయటపడితే విప్పి, కాయిళ్లను ఒక్కొక్కటిగా చల్లబరిచి పరీక్షించి మళ్లీ కట్టారు. తొలి ప్లాస్మా 2013 జూన్‌లో వచ్చింది. పాతికేళ్ల వయసులో ఆ ప్రాజెక్టులో చేరిన మనిషికి అప్పటికి నలభై దాటాయి. మధ్యలో ఆయన చేసిన పని అంతా వెల్డింగ్ చూడటం, కేబుల్ వెయ్యడం, హీలియం లైన్ల తంటాలు. దాన్ని బయోడేటాలో ఏ కాలమ్‌లో రాయాలి? మన నియామకాల్లో, ప్రమోషన్లలో పేపరుకు మార్కులున్నాయి, పుస్తకానికి ఉన్నాయి, పేటెంటుకు ఉన్నాయి. యంత్రం కట్టి నడిపించినందుకు లేవు. అది యూజీసీ నిబంధన, విద్యాశాఖ వ్యవహారం అని మీ అధికారులు అనవచ్చు. మీ శాఖల సంస్థల్లోనైనా మీరు మొదలుపెట్టవచ్చు కదా.

ప్రాగ్‌లో చెక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ల దగ్గర గోలెం అని ఒక బుల్లి టోకమాక్ ఉంది. 1960ల ప్రారంభంలో మాస్కోలోని కుర్చటోవ్ సంస్థలో పుట్టింది. 1977లో ప్రాగ్‌కు వచ్చింది. అక్కడి పరిశోధనా సంస్థ దాన్ని వాడుకుని, పాతబడ్డాక తుక్కుకు వెయ్యకుండా విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది. ఇప్పుడు దాని మీద విద్యార్థులే షాట్లు (ఒక్కోసారి ప్లాస్మా పుట్టించే ప్రయోగాలు) వేస్తారు, ఇంటర్నెట్ ద్వారా వేరే దేశాల పిల్లలు కూడా. దాని నుంచి కరెంటు రాదు, రికార్డులూ రావు. ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడు తన చేత్తో టోకమాక్ నడిపి, ఎందుకు ఆగిపోయిందో తలపట్టుకుని, మళ్లీ వేస్తాడు. అంతకంటే దాని నుంచి ఎవరూ ఏమీ ఆశించరు.

నేనడిగేది ఇలాంటిదే. రాష్ట్రానికో టోకమాక్ కావాలనడం లేదు. పది పన్నెండు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, మా తెలుగు రాష్ట్రాల్లో కనీసం రెండు చోట్ల, ఒక మీటరు పొడవు వ్యాక్యూమ్ ఛాంబర్, అయస్కాంత కాయిళ్లు, నాలుగు రకాల ప్రోబులు, ఒక హీలియం లీక్ డిటెక్టర్ ఉన్న ప్లాస్మా ల్యాబ్ ఇవ్వండి. దానితో పాటు ఒక మనిషిని కూడా ఇవ్వండి, అదీ శాశ్వత ఉద్యోగంలో. నేను చదివిన చోట గ్లాస్ బ్లోయర్ ఒకాయన ఉండేవారు. మేం కాగితం మీద గీసిన వంకర బొమ్మ చూసి, "ఇలా కాదమ్మా, ఇక్కడ పగుల్తుంది" అని మార్చి చేసిచ్చేవారు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వెయ్యలేదు. పరికరానికి గ్రాంటు వస్తుంది, దాన్ని బతికించే టెక్నీషియన్‌కు రాదు. మూడేళ్ల ప్రాజెక్టు అయిపోగానే కాంట్రాక్టు కుర్రాడు వెళ్లిపోతాడు, నాలుగో ఏడు యంత్రం బీరువా అయిపోతుంది.

మంచి పనులు జరగలేదని అనను. 2025 జూన్‌లో కొనుగోళ్ల నిబంధనలు సడలించి, పరిశోధనా పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ జెమ్ పోర్టల్ బయట కొనే వీలు కల్పించారు. ఆ రోజు చాలా ల్యాబుల్లో స్వీట్లు పంచుకుని ఉంటారు. అయితే అది కేంద్ర సంస్థలకు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మా తంతు మాదే. అలాగే పరిశోధనకు లక్ష కోట్ల నిధి ప్రకటించారు. అది ప్రయోగశాల దాటి పరిశ్రమ వైపు కొంత దూరం నడిచిన సాంకేతికతలకు, ముఖ్యంగా ప్రైవేటు రంగానికి. ఆ డబ్బుతో రేపు ఏదైనా కంపెనీ టోకమాక్ కడతానంటే మంచిదే. వాళ్లు ఉద్యోగాలకు పిలిచేటప్పుడు పని తెలిసిన పిల్లలు ఉండాలిగా. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ ఫౌండేషన్‌లో పెద్ద సంస్థను కేంద్రంగా పెట్టి, చుట్టూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కలిపే పెయిర్ పథకం ఉంది. ప్లాస్మాకు విడిగా అలాంటి ఒక గుత్తి చెయ్యండి. ఐటర్‌లో చేరాక నేషనల్ ఫ్యూజన్ ప్రోగ్రామ్ కింద విశ్వవిద్యాలయాలకు ప్రాజెక్టులు ఇచ్చిన అనుభవం మీ శాఖకే ఉంది. ఆ ఫైళ్లు తీయించి, అప్పుడు కొన్న పరికరాల్లో ఇప్పుడు ఎన్ని పనిచేస్తున్నాయో అడగండి. జవాబు ఎలా ఉన్నా బయటపెట్టండి, కొత్త పథకాన్ని దాన్ని బట్టే రాసుకోవచ్చు.

ఇంకొక్కటి, దీనికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. 2016లో ఆధునికీకరించిన ఆదిత్య-యు మీద ఏటా కొన్ని రోజులు విద్యార్థుల షాట్ల కోసం పక్కన పెట్టించండి. ఏ కాలేజీ పిల్లలైనా సరే, ఒక ప్రయోగం ప్రతిపాదిస్తారు. బాగున్నవాటికి రైలు చార్జీలు, వారం రోజుల వసతి ఇస్తే చాలు. ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టులు మా దగ్గర డిసెంబర్‌లో మొదలవుతాయి. నోటిఫికేషన్ సెప్టెంబర్‌లోగా వస్తే ప్రతిపాదనలు రాయించి పంపే పూచీ మాది.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
విజయనగరం జిల్లా