బాబు నిద్రపోయేదాకా ఆగిన సిస్టర్ గారికి

మా బాబుకు ఏడో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం లాంటివి కావు. నిద్ర లేవగానే ఉలిక్కిపడినట్టు తల ముందుకు వాల్చి, చేతులు చాచేవాడు. కొన్ని క్షణాలు ఆగి మళ్లీ అదే. కడుపునొప్పేమో అనుకుని వాము నీళ్ల దాకా వెళ్లాం, ఒప్పుకుంటున్నాను. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీశాక వెస్ట్ సిండ్రోమ్ అన్నారు, పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ. 1841లో ఈ జబ్బు గురించి రాసిన వెస్ట్ అనే వైద్యుడు దాన్ని తన కన్నకొడుకులోనే చూశారట. అది చదివిన రాత్రి ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షన్లతో రెండో వారానికి ఫిట్స్ ఆగాయి. ముఖం ఉబ్బింది, ఆకలి పెరిగింది, రాత్రంతా ఏడుపు. ఇవన్నీ ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. బీపీ పెరగవచ్చని కూడా చెప్పారు. పసివాడికి బీపీ ఏమిటిలే అని ఆ ఒక్కటే చెవిన పెట్టలేదు.

ఆ రోజు పరీక్షకు వెళితే వాడు ఏడుపు ఆపలేదు. ఏడుస్తుంటే బీపీ ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, వచ్చే వారం చూద్దామన్నాను. సిస్టర్ గారు ససేమిరా అన్నారు. వాడి చేతికి సరిపోయే చిన్న పట్టీ వెతికి తెచ్చారు. వాడు నిద్రపోయేదాకా వస్తూ పోతూ కనిపెట్టి, మూడుసార్లు కొలిచారు. నిద్రలోనూ ఎక్కువే! అదే పూట ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండె గోడలు మందమైనట్టు తేలింది.

నాకు కాళ్లు ఆడలేదు. గుండె డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. ఈ మందు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను ఉసికొల్పి కార్టిసాల్ అనే హార్మోన్‌ను పెంచుతుంది, దానితో బీపీ పెరుగుతుంది, కొందరు పిల్లల్లో గుండె కండరం మందమవుతుంది, మందు ఆపాక చాలావరకు మామూలవుతుంది అని. అయితే ఈ పూటే ఆపేయమంటే కుదరదన్నారు. శరీరం సొంతంగా కార్టిసాల్ తయారీని మళ్లీ అందుకోవడానికి వ్యవధి కావాలట. మా ముందే నరాల డాక్టరు గారికి ఫోను చేసి, ఇద్దరూ కలిసి మోతాదు తగ్గించే లెక్క వేశారు, బీపీకి మందు రాశారు. ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టబోయే తల్లిదండ్రులు బీపీ ఎప్పుడెప్పుడు చూస్తారో, ఎకో ఎప్పుడు తీస్తారో ముందే అడగండి.

మొన్నటి ఎకోలో గోడల మందం వయసుకు తగ్గట్టే ఉంది. ఆ కాగితం పట్టుకుని సిస్టర్ గారి దగ్గరికే ముందు వెళ్లాను. ఆవిడ దాన్ని చూసి, బాబు బుగ్గ తట్టి, "పడుకున్నాక కొలవాలి కదండీ మరి" అని తన పనిలోకి వెళ్లిపోయారు.