చిగురు, నిరీక్షణ

సంపాదకులకు నమస్కారాలు.

వసంతం వచ్చిందంటే పత్రికల్లో చిగుళ్లనూ పూలనూ తలచుకునే రచనలు కనిపిస్తాయి. ఈస్టర్ కూడా ఆ రోజుల్లోనే రావడంతో మోడు చిగురించడాన్ని క్రీస్తు పునరుత్థానంతో పోల్చి, ఒక్క వాక్యంలో విషయం ముగించడం పరిపాటి అయింది. ఒక క్రైస్తవ పాఠకుడిగా ఆ పోలిక నాకూ ఇష్టమే గానీ, దాన్ని అంత తేలికగా వదిలేయకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఈస్టర్‌కు వసంతంతో ఉన్న బంధం కవులు కల్పించినది కాదు. యేసు మరణించింది యూదుల పస్కా పండుగ రోజుల్లో. పస్కా వచ్చే నెలకు బైబిలులో ఉన్న పాత పేరు ఆబీబు, అంటే యవల పచ్చి వెన్నులు. ఆ రోజుల్లోనే కోతలోని మొదటి పనను, అంటే కోసిన వెన్నుల కట్టను, తెచ్చి దేవుని సన్నిధిలో అల్లాడించాలని బైబిలులోని లేవీయకాండం చెబుతుంది. క్రీస్తు ‘నిద్రించినవారిలో’, అంటే చనిపోయినవారిలో, ‘ప్రథమఫలం’ అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మాటకు అసలు బలం ఇక్కడుంది: మొదటి పన చేతికొచ్చిందంటే, కోయవలసిన పొలం ఇంకా వెనుక ఉందన్నమాట. పండుగ తేదీ కూడా ఋతువును విడిచిపోలేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే సంఘపు లెక్కలోని పౌర్ణమి దాటిన మొదటి ఆదివారమే ఈస్టర్ కనుక, పాశ్చాత్య సంఘాల్లో అది మార్చి 22కు ముందు గానీ ఏప్రిల్ 25 తర్వాత గానీ రాదు.

అయితే బైబిలులో, అంతులేని కష్టాలు పడ్డ యోబు పేర ఉన్న గ్రంథం పద్నాలుగో అధ్యాయం చదివినవారికి ఈ పోలిక అంత సులువుగా మింగుడుపడదు. నరికిన చెట్టుకైనా నిరీక్షణ ఉంది, నీటి వాసన తగిలితే అది మళ్లీ చిగురిస్తుంది, మనిషి మాత్రం పడుకుంటే లేవడు అని యోబు వాపోతాడు. అంటే చిగురును చూసే ఆయన దుఃఖం రెట్టింపైంది. పైగా వసంతం తెచ్చిన ఆకు మళ్లీ రాలవలసిందే. లేచిన క్రీస్తు ఇక చనిపోడన్నది క్రైస్తవ విశ్వాసం. కాబట్టి వసంతం ఆ విశ్వాసానికి ఋజువు కాలేదు, గుర్తుచేయగలదంతే.

గుర్తుచేసే పనిని మాత్రం అది చక్కగా చేస్తుంది. చలిదేశాల్లో ఆకురాల్చే చెట్ల మొగ్గలు వసంతంలో పుట్టినవి కావు. చాలావరకు అంతకుముందు వేసవిలోనే ఏర్పడి, పొలుసుల చాటున శీతకాలమంతా ఆగి ఉంటాయి. తగినంత కాలం చలి తగలకపోతే ఆపిల్ వంటి చెట్లలో అవి సరిగా విచ్చుకోవు కూడా. వాడుక తెలుగులో ‘నిరీక్షణ’ అంటే ఎదురుచూడటం, క్రైస్తవుల తెలుగులో అదే మాటకు ఆశ అని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండటం నాకు ఎప్పుడూ భాగ్యంగానే తోస్తుంది. వ్యాధితోనో, ఆప్తుల మరణంతోనో కుంగిపోయినవారికి పూసిన కొమ్మ కన్నా ఆ మూసుకున్న మొగ్గే దగ్గరి బంధువు.

భూమధ్యరేఖకు దక్షిణాన ఈస్టర్ వచ్చేది శరదృతువులో. అక్కడి చలి ప్రాంతాల విశ్వాసులు ఆకులు రాలుతుండగానే ‘క్రీస్తు లేచెను’ అని ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు