ఇరాన్ కథ 1979లో మొదలవలేదు

సంపాదకుల వారికి,

ఇరాన్ మీద మీరు ఈమధ్య వేసిన ప్రత్యేక పేజీ చదివాను. అమెరికాతో వైరం ముదిరిన తీరు చెప్పే తేదీల పట్టిక 1979లో టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ ముట్టడితో మొదలైంది. అంతకు 26 ఏళ్ల ముందు, 1953లో ఇరాన్ ప్రధాని మొసద్దెగ్‌ని అమెరికా, బ్రిటన్ కలిసి దించేసిన సంగతి వదిలేస్తే ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ ఇరాన్‌లోని అబాదాన్‌లో ఉండేది. దాన్ని నడిపిన ఆంగ్లో-ఇరానియన్ ఆయిల్ కంపెనీలో సగానికి పైగా వాటా బ్రిటిష్ ప్రభుత్వానిది. 1950 నాటికి కంపెనీ ఇరాన్‌కి ఇచ్చే రాయల్టీ కన్నా బ్రిటన్‌కి కట్టే పన్నే ఎక్కువ. లెక్కలు చూపించమంటే చూపించలేదు. ఇంగ్లిష్ అధికారులకు క్లబ్బులు, తోటలు ఉండేవి. కూలీల వాడ పేరు కాగజాబాద్, అంటే కాగితాల ఊరు. అక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు.

1951లో ఇరాన్ పార్లమెంటు మజ్లిస్ చట్టం చేసి చమురును జాతీయం చేసింది. కంపెనీ పరిహారం కోసం ఆదాయంలో 25 శాతం దాకా పక్కన పెట్టొచ్చని ఆ చట్టంలోనే రాసింది. దీన్ని ఎవరైనా దొంగతనం అంటే అది అన్యాయం. బ్రిటన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, ప్రధాని మొసద్దెగ్ స్వయంగా హేగ్ వెళ్లి తమ వాదన వినిపించారు. ఈ కేసు తమ పరిధిలోకి రాదని 1952 జులైలో కోర్టు తేల్చేసింది. అలా అన్నవాళ్లలో బ్రిటిష్ జడ్జి మెక్‌నేర్ కూడా ఉన్నారు. ఇదంతా చదివినప్పుడల్లా నేను ఆగిపోయేది అక్కడే. సొంత దేశం జడ్జి చెప్పినా బ్రిటిష్ వాళ్లు వినలేదు.

ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా అడ్డుపడ్డారు. చివరికి 1953 ఆగస్టు 19న అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి మొసద్దెగ్‌ని దించేశారు. ఆయనకు దేశంలోనే శత్రువులు ఉన్న మాట నిజమే. కానీ గుంపుల్ని పోగెయ్యడానికి, పత్రికల్లో రాయించడానికి డబ్బు బయటి నుంచే వచ్చింది. మరుసటి ఏడాది చమురు వాటాల్లో 40 శాతం పాత కంపెనీకి, 40 శాతం అమెరికా కంపెనీలకు దక్కాయి. ఆ కుట్ర తమదేనని చెప్పే సీఐఏ పత్రాలు 2013లో బయటికొచ్చాయి.

మొసద్దెగ్‌కి మూడేళ్లు జైలు, ఆపైన చనిపోయేదాకా ఇరాన్‌లోనే ఉన్న అహ్మదాబాద్ అనే ఊళ్లో గృహ నిర్బంధం. 1952లో తన కోసం వీధుల్లో ప్రాణాలిచ్చినవాళ్ల పక్కనే తననూ పూడ్చమని ఆయన కోరుకున్నారు. ఇరాన్ రాజు షా ఒప్పుకోలేదు. 1967లో మొసద్దెగ్‌ని సొంత ఇంట్లోనే ఒక గదిలో సమాధి చేశారు.

ఈసారి ఆ పట్టిక వేసేటప్పుడు 1953 ఆగస్టు 19ని మొదటి వరుసలో పెట్టండి.

— ఒక పాఠకుడు