తెర ఎన్నింటికి లేస్తుందో కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ 'నేటి కార్యక్రమాలు' శీర్షికలో స్థానిక నాటక ప్రదర్శనలకు చోటిస్తున్నారు, సంతోషం. అయితే ఆ నాలుగు వరుసల్లో ముఖ్య అతిథి పేరు, ఆయన హోదా, సభాధ్యక్షుడి పేరు అన్నీ ఉంటాయి గానీ, తెర ఎన్నింటికి లేస్తుందో మాత్రం ఉండదు. '6 గంటలకు నాటకం' అని అచ్చయితే అది సభ మొదలయ్యే వేళో, నాటకం మొదలయ్యే వేళో చదివినవాళ్లకు తెలియదు. ఎలాగూ ముందు సభే ఉంటుందిలే అనుకుని ముప్పావు గంట తర్వాత వెళ్లినవాళ్లకు సగం కథ అయిపోయి ఉంటుంది. నాటకమే అనుకుని వేళకు వెళ్లినవాళ్లు ఉపన్యాసాలకు అలసిపోయి రెండో రంగంలో లేచిపోతారు. చిన్న హాళ్లలో ప్రదర్శన రక్తికట్టకపోతే తప్పు నటుల మీదికి నెట్టేస్తాం. చాలాసార్లు చిక్కంతా ఈ వేళల దగ్గరే ఉంటుంది.

ఆలస్యం వల్ల నష్టం ఆలస్యంగా వచ్చినవాళ్లకే కాదు, లోపల కూర్చున్నవాళ్లకూ. హాల్లో దీపాలు ఆరాక కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసక వెలుతురు రంగాలను లైటింగ్ చేసేవాళ్లు ఆ అలవాటును నమ్ముకునే అమర్చుకుంటారు. తలుపు బార్లా తెరుచుకున్నా, ఒళ్లో ఫోను వెలిగినా ఆ చుట్టుపక్కల వాళ్ల కళ్లకు ఆ అలవాటు చెదిరిపోతుంది. అందుకే ఆలస్యమైతే రంగం ముగిసి చప్పట్లు పడేదాకా బయటే ఆగి, లోపలికొచ్చాక వెనక వరుసలోనే కూర్చోవడం మంచిది. సొంత సీటు సంగతి విరామంలో చూసుకోవచ్చు. ఫోను సైలెంట్‌లో పెడితే చాలదు. ప్లాస్టిక్ కుర్చీకి ఆనుకున్న ఫోను వణికితే ఆ గరగర రెండు వరుసల దాకా వినిపిస్తుంది. పూర్తిగా ఆపేయడం ఒక్కటే దారి.

ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకా పెద్ద విషయం. ముందు వరుస మర్యాదకు పనికొస్తుందేమో గానీ, చూడడానికి పనికిరాదు. మామూలు హాళ్లలో వేదిక ఎత్తు మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేలకు 1.1 నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అంటే ముందు వరుసలో చూపు వేదిక నేలను రాసుకుంటూ పోతుంది. నేలమీద కూలబడిన పాత్ర ముఖం ముందున్న నటుడి కాళ్ల చాటున పడిపోతుంది. గుంపు దృశ్యాల్లో వెనక నిలబడ్డవాళ్లు అసలే కనపడరు. కుర్చీలన్నీ ఒకే మట్టంలో వేసిన హాలయితే నాలుగో వరుస నుంచి ఎనిమిదో వరుస దాకా, అందులోనూ నడవ పక్క సీటు మేలు. అక్కడ కనీసం ఒక పక్కనైనా తలలు అడ్డురావు. మెట్లుమెట్లుగా కట్టిన హాలయితే ఇంకాస్త వెనక్కి వెళ్లినా ఫరవాలేదు. పక్కలకు మాత్రం పోకూడదు. వేదిక ముఖద్వారం రెండు అంచుల నుంచి హాల్లోకి తిన్నగా గీతలు గీసినట్టు ఊహించుకుని వాటి లోపలే సీటు చూసుకోవాలి. గీత దాటితే మన వైపు గోడ దగ్గర జరిగేది కనపడదు. అవతలి వింగ్‌లో, అంటే వేదిక పక్కన తెరచాటున, తన వంతు కోసం గడ్డం సర్దుకుంటున్న నటుడు మాత్రం నిక్షేపంగా కనపడతాడు!

ఇదేమీ కొత్త సంగతి కాదు. మనుషుల కోసం కట్టే నాట్యమండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు మించకూడదని నాట్యశాస్త్రం రెండో అధ్యాయం చెబుతోంది. అంతకన్నా పెద్దదైతే మాట స్పష్టత పోతుందని, ముఖంలో భావం కనపడదని కారణం కూడా చెబుతుంది. హస్తమంటే సుమారు అడుగున్నర. పొడవులో సగం వేదికకూ, దాని వెనక నటులు వేషాలు వేసుకునే నేపథ్యానికీ పోతే ప్రేక్షకులకు మిగిలేది 48 అడుగులు, దాదాపు 15 మీటర్లు. ముఖకవళికలు పోల్చుకోవాలంటే 20 మీటర్లకు మించి దూరం పోకూడదని ఇప్పటి హాళ్ల రూపకర్తలూ అంటున్నారు.

ఇక వినికిడి. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెళ్లు పడిపోతుంది. హాల్లో గోడలు కొంత ఆదుకుంటాయి గానీ, గట్టి గోడల ఖాళీ హాల్లో అదే ప్రతిధ్వనై మాటను అలికేస్తుంది. మనుషుల ఒళ్లు, బట్టలు ఆ మోతను పీల్చుకుంటాయి కాబట్టి నిండిన హాల్లో మాట శుభ్రంగా వినిపిస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. నటుడు అక్కడే ఊపిరి తగ్గించినా, ఎవరో దగ్గినా 'వెళ్తాను' అన్నాడో 'వెళ్లను' అన్నాడో తెలియక మొత్తం రంగమే తలకిందులవుతుంది. జనం తక్కువగా వచ్చిన రోజు తలో మూలా కూర్చోకుండా మధ్యలోకి దగ్గరగా చేరాలి. ముఖ్యంగా హాస్యనాటికకు ఇది ప్రాణం. నవ్వు పక్కవాళ్లను చూసి పుడుతుంది, ఆ నవ్వుకు నటుడు ఆగుతాడు, ఆ ఆగడంలో వేగం కుదురుతుంది. ముప్పై మంది మూడొందల కుర్చీల్లో చెల్లాచెదురుగా కూర్చుంటే ఎంత మంచి చమత్కారమైనా చప్పగా జారిపోతుంది. స్పీకరు పెట్టెకు ఎదురుగానూ కూర్చోకండి. ఏ ధ్వని ముందు చేరితే అటు నుంచే మాట వస్తున్నట్టు చెవి లెక్కగడుతుంది. దాంతో నటుడు వేదిక మధ్యలో మాట్లాడుతుంటే గొంతు గోడలోంచి వస్తున్నట్టుంటుంది.

ప్రదర్శన అయ్యాక 'చాలా బాగుంది' అని చెప్పడం మర్యాద. దానివల్ల నాటక సమాజం వాళ్లకు ఒరిగేది తక్కువ. 'పదో వరుసలో ఎడమ పక్క కూర్చున్నాం, రెండో రంగంలో తల్లి పాత్ర వెనక్కి తిరిగినప్పుడల్లా మాట పోయింది' అని చెబితే మర్నాటికి నటి నిలబడే చోటు మారుతుంది.

మీ పత్రిక చేయగలిగింది చిన్నదే. సభ ఎన్నింటికి, తెర ఎన్నింటికి అని రెండు వేళలు విడివిడిగా వేయండి. నిడివి ఎంత, విరామం ఉందా లేదా అన్నది చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకూ, దూరం నుంచి వచ్చి ఆఖరి బస్సు అందుకోవాల్సినవాళ్లకూ కావాలి. పొగ, తుపాకీ మోత, టపటపా కొట్టుకునే లైట్లు ఉంటే తప్పక చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు పొగతో ఇబ్బంది. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి అలాంటి లైట్లే ప్రమాదం. మెట్లెక్కకుండా లోపలికి వెళ్లే దారి ఉందో లేదో ఒక్క మాటలో తేలిపోతుంది. ఈ వివరాలు పంపని సమాజాల ప్రకటనలో అతిథుల పేర్లు తీసేసి, ఆ చోటులో సమాజం వారి ఫోను నంబరు వేయండి. అతిథులు ఎలాగూ మర్నాటి ఫొటోలో ఉంటారు.

భవదీయుడు,
ఒక రంగస్థల సాంకేతికుడు