విట్లీ కోర్ట్‌కి మళ్లీ పైకప్పు వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంగ్లండ్ ట్రిప్ గురించి మన పేపర్లలో ఎప్పుడు చదివినా లండన్ దగ్గరే ఆగిపోతుంది, అందుకే ఈ ఉత్తరం. పిల్లల దగ్గరికని అక్కడికి వెళ్లే పెద్దవాళ్లు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు, వాళ్లు వూస్టర్‌షైర్‌లో ఉన్న విట్లీ కోర్ట్ అనే పాడుబడిన పెద్ద బంగళా చూడకుండా రావద్దని నా మనవి.

పాత ఇటుక ఇల్లు, దానికి ఆర్కిటెక్ట్ జాన్ నాష్ పెట్టిన పెద్ద పెద్ద స్తంభాల ముఖమంటపాలు, ఆ తర్వాత బొగ్గు గనుల మీదా ఇనుము మీదా సంపాదించిన డడ్లీ కుటుంబం 1850ల్లో మొత్తానికి రాయి తొడిగించి ఇటాలియన్ స్టైల్లోకి మార్చేసింది. 1937లో మంటలంటుకున్నాయి, ఇక ఎవరూ బాగుచేయలేదు. ఇప్పుడు బాల్‌రూమ్‌లో నిలబడి తల ఎత్తితే ఆకాశమే.

దీన్ని మళ్లీ కట్టేస్తే ఎంత బాగుంటుందో అని అక్కడ మా పక్కన ఒకాయన అన్నారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. షాండ్లియర్లు, బంగారు అంచు కుర్చీలు ఉన్న బంగళాలు ఆ దేశంలో బోలెడు ఉన్నాయండీ, వాటిలో తాడు కట్టిన చోట ఆగి చూసి వచ్చేయడమే, ఇల్లు ఎలా నిలబడిందో ఎక్కడా తెలీదు. ఇక్కడ రాతి తొడుగు వెనక ఇటుక బయటికి కనిపిస్తుంది, ఏ కాలంలో ఎవరు ఏం కలిపారో గోడే చెప్తుంది. కూలకుండా కాపాడితే చాలు, అక్కడ పాత కట్టడాలని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చేస్తున్నది కూడా అదే.

తోట సంగతి వేరు, మొక్కలు మళ్లీ పెంచితే తోట మళ్లీ తోటే అవుతుంది కాబట్టి దాన్ని బాగుచేయడం నాకు న్యాయంగానే అనిపించింది. నెస్‌ఫీల్డ్ అనే తోటల డిజైనర్ వేసిన తోట అది. మధ్యలో రెక్కల గుర్రమెక్కి సముద్ర రాక్షసి మీదికి దూకుతున్న గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ శిల్పం, అదే ఫౌంటెన్. పక్కనే చర్చి ఉంది, బయటికి మామూలుగా ఉందని వదిలేయకండి, లోపల సీలింగ్ మీద బెల్లూచి అనే ఇటాలియన్ చిత్రకారుడు వేసిన బొమ్మలు, రంగుటద్దాల కిటికీలు, ఇవన్నీ కానన్స్ అనే ఇంకో బంగళాని పడగొట్టినప్పుడు కొని తెచ్చినవి, ఆ బంగళా ఇప్పుడు లేదు, బొమ్మలు మాత్రం బతికాయి!

ఫౌంటెన్ రోజంతా వదలరు, దానికి టైమింగ్స్ ఉంటాయి, ముందే కనుక్కుని వెళ్లండి. మేం మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాం, నీళ్లు ఒక్కసారిగా పైకి లేచేసరికి మా అమ్మ లేచి నిలబడిపోయింది.

ఇట్లు,
మీ పాఠకురాలు